మొదటి వారంలోనే గట్టి జట్టుతో ఆడితే ఏం పోతుంది?

2025 డిసెంబరు 7న అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ జాబితా, అంటే జాతీయ టైటిల్ కోసం ఆడటానికి ఒక కమిటీ ఎంచే జట్ల జాబితా, వచ్చింది. 12 జట్లలో టెక్సస్ లేదు. కమిటీ ఇచ్చిన ర్యాంకు 13. ఆగస్టులో ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) వార్తాసంస్థ పోల్‌లో, ఆ స్కూల్ చరిత్రలోనే మొదటిసారి, ప్రీసీజన్ నంబర్ వన్‌గా నిలిచిన జట్టు 9-3తో (తొమ్మిది గెలుపులు, మూడు ఓటములు) బయట ఉండిపోయింది. ఇక అభిమానులు చేసిన పోస్టుమార్టం అంతా ఒక్క తేదీ చుట్టూనే తిరిగింది. ఆగస్టు 30, సీజన్ మొదటి గేమ్, ఓహాయో స్టేట్ సొంత ఊరు కొలంబస్, ఓహాయో స్టేట్ 14, టెక్సస్ 7. "అసలు ఆ గేమ్ ఎందుకు పెట్టుకున్నాం? ఆ వారం ఏదో చిన్న జట్టుని ఇంటికి పిలిచి 50 కొట్టి ఉంటే 10-2తో లోపల ఉండేవాళ్ళం కదా!" హెడ్ కోచ్ స్టీవ్ సార్కీసియన్ కూడా సీజన్ చివర్లో దాదాపు ఇదే వాదన వినిపించాడు. ఫ్రిస్కో, ఇర్వింగ్, సీడర్ పార్క్‌లలో పెరిగిన మన పిల్లలు ఎంతోమంది యూటీలోనో (ఈ టెక్సస్ జట్టు యూనివర్సిటీ) టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లోనో చదువుతున్నారు కాబట్టి ఈ గొడవ తెలుగు ఇళ్ళల్లోనూ గట్టిగానే నడిచింది.

ఆ వాదనతో నేను ఏకీభవించను. సీజన్ మొదట్లోనే ఇలాంటి గేమ్ ఉండాలి. ఓడిపోయినా సరే ఉండాలి.

ముందు ఆ మూడు ఓటముల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఓహాయో స్టేట్ రెగ్యులర్ సీజన్‌ని 12-0తో ముగించింది. టెక్సస్‌ని 35-10తో ఓడించిన జార్జియా, టెక్సస్ కూడా ఉన్న ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్‌కి (జట్ల కూటమికి) ఛాంపియన్ అయింది. అక్టోబరు 4న గెయిన్స్‌విల్‌లో టెక్సస్‌ని 29-21తో ఓడించిన ఫ్లోరిడా? సీజన్ మధ్యలోనే కోచ్‌ని పంపించేసి 4-8తో ముగిసిన జట్టు. టెక్సస్ సీజన్ మునిగింది అక్కడ. కొలంబస్ గేమ్ లేకపోతే 10-2 అయ్యేది, 10-2 అయితే బహుశా ప్లేఆఫ్‌లో చోటు దొరికేది. నిజమే, కాదనను. కానీ 4-8 జట్టు చేతిలో ఓడిన సంగతిని పక్కకి నెట్టి, ఆ ఏడాది దేశంలోనే అత్యంత బలమైన జట్లలో ఒకదానితో వాళ్ళ మైదానంలో ఏడు పాయింట్ల తేడాతో ఓడటాన్ని తప్పుగా లెక్కగట్టడం ఏం న్యాయం?

మొదటి గేమ్ ఎందుకంత ప్రమాదకరమో కూడా చూడాలి. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్ఎల్‌లో అసలు సీజన్‌కి ముందు మూడు ప్రీసీజన్ గేములు ఉంటాయి. కాలేజ్‌లో ఒక్కటి కూడా ఉండదు. వసంతంలో 15 ప్రాక్టీసులు, ఆగస్టు క్యాంపులో 25, అంతే. గాయాల భయంతో ఆ 25లో కూడా పూర్తి స్థాయి ట్యాక్లింగ్ ఉండేవి కొన్నే. అందుకే మొదటి వారం అన్ని మైదానాల్లోనూ చేతికి చిక్కినవాడు జారిపోతుంటాడు, స్నాప్ (బంతిని వెనక్కి అందించడం) ఆలస్యమవుతుంది, పంట్ టీమ్‌లో (బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి అప్పగించేవాళ్ళలో) 11 మంది ఉండాల్సిన చోట 10 మందే ఉంటారు. ఆటగాళ్ళు కాలేజ్ మారే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక ఇది ఇంకా పెరిగింది. జనవరిలో వేరే కాలేజ్ నుంచి వచ్చిన ట్యాకిల్ (లైన్ చివర నిలబడేవాడు), పక్కనున్న గార్డ్‌తో కలిసి అసలైన ప్రత్యర్థిని ఎదుర్కోవడం అదే మొదటిసారి కావచ్చు.

నా దృష్టిలో మొదటి గేమ్‌ని అంచనా వేసేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది అఫెన్సివ్ లైన్, అంటే బంతి ఉన్న జట్టు తరఫున ముందు నిలబడే ఐదుగురు: మధ్యలో సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డులు, చివర్లలో ట్యాకిళ్ళు. బంతి అందుకుని ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ పేరు కాదు. 2025 ఆగస్టు అంతా టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్ గురించే మాట్లాడారు. ఎన్‌ఎఫ్ఎల్‌లో పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్‌లు పేటన్, ఈలైల అన్న కొడుకు, అంతకుముందు ఏడాది రెండే రెండు గేముల్లో స్టార్టర్. కానీ అసలు అంకె వేరే ఉంది. 2024 టెక్సస్ లైన్‌లో ఐదుగురు స్టార్టర్లలో నలుగురు వెళ్ళిపోయారు. కెల్విన్ బ్యాంక్స్, హేడెన్ కానర్, జేక్ మేజర్స్, క్యామెరన్ విలియమ్స్. రైట్ గార్డ్ డీజే క్యాంప్‌బెల్ ఒక్కడే మిగిలాడు. పాస్ అందుకునే రిసీవర్ కొత్తవాడైతే తప్పు అతనొక్కడితో పోతుంది. లైన్‌లో కొత్తదనం అలా ఉండదు. డిఫెన్స్‌లో ఇద్దరు దారులు మార్చుకుని దూసుకొస్తుంటే, ఎవరిని పక్కవాడికి అప్పగించాలో, ఎవరిని తనే పట్టుకోవాలో గార్డూ ట్యాకిలూ మాట్లాడుకోకుండానే ఒకే క్షణంలో తేల్చుకోవాలి. అది క్యాంపులో వంటబట్టదు. గేములు ఆడాలి.

పైగా ఆ గేమ్ లక్షమందికి పైగా పట్టే ఓహాయో స్టేడియంలో. అక్కడ క్వార్టర్‌బ్యాక్ గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు కాబట్టి సైలెంట్ కౌంట్ వాడాలి. అదెలా జరుగుతుందో టీవీలో గమనిస్తే తెలుస్తుంది. సెంటర్ తలవంచి ఉంటాడు. పక్కనున్న గార్డ్ కాళ్ళ మధ్య నుంచి వెనక్కి చూస్తుంటాడు. క్వార్టర్‌బ్యాక్ సిద్ధమని కాలెత్తగానే గార్డ్ సెంటర్‌ని తడతాడు. సెంటర్ తల పైకెత్తి, ఒక లెక్క ఆగి, బంతి వెనక్కి పంపిస్తాడు. మిగతావాళ్ళంతా చెవులు మూసుకుపోయినట్టే, బంతి కదలడం చూసి కదలాలి. దీంట్లో రెండు చిక్కులు ఉన్నాయి. ఒకటి, చివర్లో ఉండే ట్యాకిల్ ఎదురుగా దూసుకొచ్చే రషర్‌నీ చూడాలి, లోపలున్న బంతినీ చూడాలి, కాబట్టి ఒక రెప్పపాటు వెనకపడతాడు. రెండు, సెంటర్ ప్రతిసారీ ఒకే లెక్కలో పంపిస్తే మూడో డ్రైవ్‌కల్లా (బంతి ఒక జట్టు చేతిలో ఉన్నంతసేపు ఒక డ్రైవ్) డిఫెన్స్ ఆ తాళం పట్టేస్తుంది, బంతితో పాటే కదిలిపోతుంది. విరుగుడు, ఒకసారి ఒక లెక్కకి, ఇంకోసారి రెండు లెక్కలకి పంపడం. కానీ లైన్‌లో కొత్తవాళ్ళు ఎక్కువ ఉంటే అలా మార్చినప్పుడల్లా ఎవరో ఒకరు ముందే కదులుతారు, ఐదు యార్డుల ఫాల్స్ స్టార్ట్ పడుతుంది. మొదటి గేమే బయటి మైదానంలో అంటే కోచ్‌లు జంకేది ఇందుకే.

మరి ఆ రోజు ఏం జరిగింది? అంకెలు మాత్రమే చూస్తే టెక్సస్ గెలవాల్సింది. మొత్తం 336 యార్డులు టెక్సస్‌వి, 203 ఓహాయో స్టేట్‌వి. రన్నింగ్‌లో టెక్సస్‌కి 166, వాళ్ళకి 77. మొదటిసారి స్టార్ట్ చేస్తున్న జూలియన్ సేయిన్ చేత ఓహాయో స్టేట్ ఏ సాహసమూ చేయించలేదు. 20 పాసులు, 13 అందాయి, 126 యార్డులు. సీజే డోనల్డ్‌సన్ ఒక యార్డ్ రన్‌తో ఒక టచ్‌డౌన్ (గోల్ లైన్ దాటించి చేసే స్కోరు), నాలుగో క్వార్టర్ మొదట్లో కార్నెల్ టేట్‌కి 40 యార్డుల పాస్‌తో ఇంకోటి. అంతే. పంట్ చేసినా ఫరవాలేదు, బంతి మాత్రం పోగొట్టుకోవద్దు అన్నట్టుగా ఆడారు. టెక్సస్‌కి ఆట ముగియడానికి నాలుగు నిమిషాల లోపు ఉన్నప్పుడు గానీ పాయింట్లు రాలేదు. పార్కర్ లివింగ్‌స్టోన్‌కి మ్యానింగ్ వేసిన 32 యార్డుల పాస్ అది. మ్యానింగ్ మొత్తం 30కి 17, 170 యార్డులు, ఒక టచ్‌డౌన్, ఒక ఇంటర్‌సెప్షన్ (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాస్).

అసలు తేడా ఫోర్త్ డౌన్‌లో, అంటే పది యార్డులు సాధించడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో చివరిదాంట్లో, ఉంది. టెక్సస్ ఐదుసార్లు ప్రయత్నించి ఒక్కసారే సఫలమైంది. వాటిలో మూడో క్వార్టర్‌లో గోల్ లైన్ దగ్గర జరిగినది నిదానంగా చూడదగ్గ ఆట. బంతి ఒక యార్డ్ దూరంలో ఉంది. స్కోరు 7-0. ఫీల్డ్ గోల్ కొట్టి మూడు పాయింట్లు తీసుకోవచ్చు, కానీ సార్కీసియన్ వెనక్కి తగ్గలేదు. ఆ నిర్ణయం సరైనదే అని నేను ఇప్పటికీ అంటాను. రాకపోయినా ప్రత్యర్థి తన గోల్ లైన్ మీదే ఇరుక్కుని మొదలుపెట్టాలి. మ్యానింగ్ స్నీక్ చేశాడు, అంటే బంతి పట్టుకుని లైన్ వెనక నుంచి తనే ముందుకి తోసుకెళ్ళబోయాడు. ఆపేశారు. స్నీక్ అంటే క్వార్టర్‌బ్యాక్ బలం అనుకుంటారు చాలామంది. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి ఒక్క యార్డ్ తోసుకెళ్ళలేడా అని. స్నీక్‌ని నడిపించేది సెంటరూ అతని రెండు పక్కలా ఉన్న గార్డులూ. డిఫెన్సివ్ ట్యాకిళ్ళు మోకాళ్ళంత ఎత్తుకి వంగి సెంటర్ గార్డుల మధ్య సందుల్లోకి దూరితే, వాళ్ళకంటే కిందకి ఎవరు వంగితే వాళ్ళదే ఆ యార్డ్. లైన్ ముందుకి పోకుండా పైకి లేచిందంటే క్వార్టర్‌బ్యాక్ సొంత మనుషుల వీపులకే గుద్దుకుంటాడు. ముందు సీజన్లో ఉన్న నలుగురు డిఫెన్సివ్ లైన్ స్టార్టర్లూ ఓహాయో స్టేట్‌కి అప్పటికే లేరు, అందరూ ఎన్‌ఎఫ్ఎల్‌కి వెళ్ళిపోయారు. కొత్తవాళ్ళకీ కొత్తవాళ్ళకీ మధ్య జరిగిన పోటీ అది. ఓహాయో స్టేట్ కొత్తవాళ్ళు కిందకి వంగారు.

దీనికి తోడు ఓహాయో స్టేట్‌కి కొత్త డిఫెన్సివ్ కోఆర్డినేటర్ (డిఫెన్స్‌ని నడిపించే కోచ్). జిమ్ నోల్స్ పెన్ స్టేట్‌కి వెళ్ళిపోయాక ఎన్‌ఎఫ్ఎల్ నుంచి వచ్చిన మ్యాట్ పట్రీషియా కాలేజ్‌లో నడిపిన మొదటి గేమ్ ఇదే. అతను ఓహాయో స్టేట్ కుర్రాళ్ళతో ఎలా ఆడిస్తాడో చూడటానికి ఒక్క వీడియో కూడా లేదు. 2024 నుంచి క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో కోచ్ మాట వినిపించే ఏర్పాటు ఉంది గానీ ఆట మొదలుపెట్టడానికి గడువు చూపే ప్లే క్లాక్ మీద 15 సెకన్లు మిగలగానే అది ఆగిపోతుంది. డిఫెన్స్ ఆ తర్వాత రూపం మార్చిందంటే కుర్రాడు తన తెలివి మీదే ఆధారపడాలి. రెండు స్టార్ట్‌ల అనుభవం ఉన్నవాడికి ఇది అగ్నిపరీక్షే. అదే సెప్టెంబరు చివర్లో అయితే పట్రీషియావి మూడు నాలుగు గేములు చూసుకుని వచ్చి ఉండేవాళ్ళు. ప్రత్యర్థి జట్టులో కొత్త కోఆర్డినేటర్ వచ్చిన ఏడాది మొదటి వారం వాళ్ళతో ఆడాల్సి వస్తే, మన జట్టు స్కోరుని రెండు టచ్‌డౌన్లు తగ్గించుకుని అంచనా వేసుకోవడం నా అలవాటు.

ఇంతకీ ఆ గేమ్ ఏం చెప్పింది? టెక్సస్ లైన్ గట్టి డిఫెన్సివ్ లైన్ ముందు తడబడుతుందని, చిన్న యార్డేజ్‌లో తోయలేదని ఆగస్టు 30నే చెప్పింది. ఐదు వారాల తర్వాత ఫ్లోరిడాలో అదే రోగం తిరగబెట్టింది. అంటే జబ్బు ఏమిటో మొదటి రోజే బయటపడింది, మందే సమయానికి పడలేదు. చిన్న జట్టు మీద 50 కొట్టి ఉంటే ఈ విషయం కూడా తెలిసేది కాదు.

మందు పడితే ఎలా ఉంటుందో చెప్పడానికి ఇదే ఓహాయో స్టేట్ 2014 సీజన్ ఉంది. క్వార్టర్‌బ్యాక్ బ్రాక్స్‌టన్ మిల్లర్ ఆగస్టులోనే గాయపడ్డాడు. లైన్‌లో పాతవాడు టేలర్ డెకర్ ఒక్కడే, నలుగురు కొత్త. టెక్సస్ 2025 లెక్కే. రెండో వారం సొంత మైదానంలో వర్జీనియా టెక్ చేతిలో 35-21తో ఓడిపోయారు. వర్జీనియా టెక్ లోపలి లైన్‌మెన్ ముగ్గురినీ కప్పేసేలా మనుషుల్ని నిలబెట్టి, వెనక ఎవర్నీ ఉంచకుండా మీదికి దూకింది. మిల్లర్ స్థానంలో వచ్చిన జేటీ బ్యారెట్‌కి ఊపిరాడలేదు. ఆ ఏడాది వర్జీనియా టెక్ 7-6 జట్టు మాత్రమే అనేది గుర్తుంచుకోవాలి. ఆదిలోనే హంసపాదు అని అందరూ ఆ సీజన్‌కి నీళ్ళు వదిలేశారు. కానీ కోచ్‌లు ఆ టేపు ముందేసుకుని ప్రొటెక్షన్లు (క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ఏర్పాట్లు) సరిదిద్దుకున్నారు. అదే లైన్ జనవరిలో అలబామా మీద రన్నర్ ఎజికియల్ ఎలియట్‌కి 230 యార్డులు, ఒరెగాన్ మీద 246 యార్డులు తెచ్చిపెట్టింది. నేషనల్ ఛాంపియన్‌షిప్ కూడా.

2010లో వర్జీనియా టెక్ కూడా అంతే. మొదటి గేమ్‌లో బాయిసీ స్టేట్ చేతిలో 33-30, ఐదు రోజులకే కింది శ్రేణి జట్టు జేమ్స్ మ్యాడిసన్ చేతిలో 21-16. ఆ తర్వాత వరసగా 11 గెలిచి తమ కాన్ఫరెన్స్ ఏసీసీకి ఛాంపియన్ అయ్యారు. చిన్న జట్టుని పిలవడమే క్షేమం అనేవాళ్ళకి జేమ్స్ మ్యాడిసన్ ఒక జవాబు. 2007 సెప్టెంబరు 1 ఇంకా పెద్ద జవాబు. ఐదో ర్యాంకు మిషిగన్, అపలాచియన్ స్టేట్‌ని నాలుగు లక్షల డాలర్లిచ్చి మరీ ఇంటికి పిలిపించుకుని 34-32తో ఓడింది. ఇప్పుడు పెద్ద స్కూళ్ళు ఇలాంటి గేములకి ఇచ్చేది చాలాసార్లు పది లక్షల డాలర్ల పైమాటే. ఆ డబ్బు తిరిగి వచ్చేది టికెట్ కొన్న అభిమాని జేబులోంచి. రెండో క్వార్టర్‌కే ముగిసిపోయే ఆటకి ఆగస్టు ఎండలో మూడున్నర గంటలు కూర్చోబెట్టడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

అయితే గెలిచినవాళ్ళు మొదటి వారం స్కోరు చూసుకుని పొంగిపోవడం కూడా పొరపాటే. అదే 2025 ఆగస్టు 30న ఫ్లోరిడా స్టేట్ అలబామాని 31-17తో చిత్తు చేసింది. ఆ గెలిచిన జట్టు చివరికి 5-7. ఓడిన అలబామా ప్లేఆఫ్‌కి వెళ్ళింది. ఎల్‌ఎస్‌యూ నాలుగో ర్యాంకు క్లెంసన్‌ని వాళ్ళ మైదానంలో 17-10తో ఓడించి, ఐదేళ్ళుగా మొదటి గేములు ఓడుతున్న శని వదిలిందని పండగ చేసుకుంది. అక్టోబరు దాటకుండానే కోచ్ బ్రయన్ కెల్లీని తీసేశారు. క్లెంసన్ కూడా 7-6తోనే ముగిసింది. ఆ రోజు రెండు గొప్ప డిఫెన్సులు అనుకున్నది రెండు బలహీన అఫెన్సులని తర్వాత తేలింది. తక్కువ స్కోరు గేమ్ చూసినప్పుడల్లా ఈ అనుమానం పెట్టుకోవాలి.

గట్టి గేమ్ వద్దనేవాళ్ళ వాదనల్లో నన్ను నిజంగా ఆలోచనలో పడేసేవి రెండే ఉన్నాయి. ఒకటి గాయం. 2017లో అట్లాంటాలో అలబామా మీద ఆడుతూ ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ డియాండ్రే ఫ్రాన్స్వా మోకాలి గాయంతో సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. 24-7 ఓటమి సంగతి అటుంచితే, మూడో ర్యాంకుతో మొదలైన జట్టు 7-6కి పడిపోయింది. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. బలమైన డిఫెన్స్ ముందు దెబ్బ తగిలే అవకాశం ఎక్కువే. కాకపోతే ఆ డిఫెన్స్ నవంబరులోనైనా ఎదురవుతుంది.

రెండోది ఇండియానా. 2025లో కాన్ఫరెన్స్ బయట ఓల్డ్ డొమినియన్, కెనెసా స్టేట్, ఇండియానా స్టేట్‌లతో ఆడి, 16-0తో నేషనల్ ఛాంపియన్ అయింది. "చూశారా, మెత్తగా మొదలుపెట్టినా నెగ్గొచ్చు" అంటారు. నెగ్గొచ్చు. కానీ ఇండియానాని నమ్మించింది ఆ మూడు గేములు కావు. ఒరెగాన్‌లో గెలుపు, ఇండియనాపొలిస్‌లో ఓహాయో స్టేట్ మీద 13-10 గెలుపు. అన్నీ గెలిచేవాడికి షెడ్యూల్ ఎలా ఉన్నా ఒకటే. ఒకటి రెండు ఓడే జట్లకి, అంటే దాదాపు అందరికీ, డిసెంబరులో చూపించుకోవడానికి ఒక పెద్ద గెలుపు కావాలి. అది ఎక్కడి నుంచి వస్తుంది?

మయామీకి మొదటి వారంలోనే వచ్చింది. ఆగస్టు 31న నోటర్‌డామ్‌ని 27-24తో ఓడించారు. 1:04 మిగిలి ఉండగా కార్టర్ డేవిస్ కొట్టిన 47 యార్డుల ఫీల్డ్ గోల్‌తో. రెండు జట్లూ 10-2తో ముగిశాయి. నవంబరంతా కమిటీ నోటర్‌డామ్‌నే పైన పెట్టింది. చివరి వారం ఇద్దరి మధ్యలో ఉన్న బీవైయూ ఓడి కిందకి జారగానే రెండూ పక్కపక్కకి వచ్చాయి, అప్పుడు ఆగస్టు ఫలితం తీసి చూసి మయామీకి చోటిచ్చారు. ఆ చోటుతో వాళ్ళు ఫైనల్ దాకా వెళ్ళారు. నోటర్‌డామ్ వాళ్ళ బాధ అర్థమవుతుంది, మొదటి రెండు గేములూ ఓడాక వరసగా పది గెలిచిన జట్టు అది. కానీ ఇద్దరూ ఎదురెదురుగా ఆడి తేల్చుకున్న విషయాన్ని గదిలో కూర్చున్నవాళ్ళు మళ్ళీ తేల్చాల్సిన పనిలేదు. టెక్సస్ అభిమానులైతే 2023నే గుర్తు చేసుకోవాలి. సెప్టెంబరు 9న టస్కలూసాలో అలబామా మీద 34-24 గెలుపు లేకపోతే, ఆ డిసెంబరులో నాలుగు జట్ల ప్లేఆఫ్‌లో మూడో స్థానం వచ్చేదా? అన్నీ గెలిచిన ఫ్లోరిడా స్టేట్‌నే బయట పెట్టిన ఏడాది అది.

కాబట్టి మార్చాల్సింది షెడ్యూల్ కాదు, కమిటీ లెక్క. మూడు ఓటములు ఉన్నాయా, రెండే ఉన్నాయా అన్న చోట ఆగిపోకుండా ఎవరి చేతిలో, ఎక్కడ, ఎంత తేడాతో అని చూస్తే షెడ్యూల్ ఖాయం చేసే అథ్లెటిక్ డైరెక్టర్లకి ఈ భయం ఉండదు. 2026 నుంచి ఎస్‌ఈసీ జట్లు కాన్ఫరెన్స్‌లోనే తొమ్మిది ఆడాలి, బయట నుంచి ఇంకో పెద్ద కాన్ఫరెన్స్ జట్టో నోటర్‌డామో తప్పనిసరి. 12 గేముల్లో పది అలా పోతే మిగిలేవి రెండే. ఇంకాస్త గట్టి గేమ్ పెట్టుకుందామనే ధైర్యం ఎవరికి మిగులుతుంది? నా ఆందోళన అదే.

ఓహాయో స్టేట్ తిరిగి ఆస్టిన్‌కి వచ్చేది 2026 సెప్టెంబరు 12న. ఈసారి రెండో వారం. దానికి ముందు టెక్సస్‌కి టెక్సస్ స్టేట్‌తో ఇంట్లో ఒక గేమ్ ఉంది. ఈసారి సైలెంట్ కౌంట్ తిప్పలు ఓహాయో స్టేట్‌వి. మొదటి రెండు డ్రైవ్‌లలో బంతి వెంట కాకుండా సెంటర్ తల మీద కన్నేయండి. ప్రతిసారీ ఒకే లెక్కకి పంపిస్తున్నాడా, మారుస్తున్నాడా? టెక్సస్ ఎడ్జ్ రషర్లు (చివర్ల నుంచి దూసుకొచ్చేవాళ్ళు) బంతితో పాటే కదులుతున్నారా? తర్వాత థర్డ్ అండ్ వన్ (మూడో ప్రయత్నం, ఇంకో యార్డే కావాలి) వచ్చినప్పుడు టెక్సస్ గార్డుల వీపులు చూడండి. అవి చదునుగా ముందుకి పోతున్నాయంటే కొలంబస్ గోల్ లైన్ దగ్గర లేనిది ఈసారి ఉన్నట్టే. పైకి లేస్తున్నాయంటే, ఆ రోజు స్కోరు ఎలా ఉన్నా, ఎస్‌ఈసీ గేములు మొదలయ్యేలోపు సార్కీసియన్ చేతిలో చాలా పని ఉంది.